ఢిల్లీ జెడ్4కి ఏడాది వారంటీ అంటున్నారు, హైదరాబాద్ వీఆర్‌ఎస్‌కి ఏమీ లేదు. ఏది తీసుకోను?

పానగల్_పోరడు | శనివారం రాత్రి 10:48

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాసింది లేదు, ఇది మొదటి పోస్టు, పొడుగైతే తిట్టకండి. మాది నల్గొండ, పానగల్ దగ్గర. ఉద్యోగం హైదరాబాద్‌లో. ప్రతి శుక్రవారం రాత్రి ఇంటికి వస్తాను కాబట్టి నెలకు ఎనిమిది వందల నుంచి వెయ్యి కిలోమీటర్లు, అందులో ఎక్కువ హైవేనే. ఇప్పుడున్న హ్యాచ్‌బ్యాక్‌కి తొమ్మిదేళ్ళు. పెళ్ళికి ముందు ఒక్క మంచి బండి నడపాలని కోరిక. పెళ్ళయ్యాక ఎట్లాగూ ఏడు సీట్లదే కొనిపిస్తారని మా బావ ఇప్పటికే జాతకం చెప్పేశాడు.

బడ్జెట్ 20 లక్షలు, గట్టిగా లాగితే 22. చూసినవి రెండు.

మొదటిది 2012 బీఎండబ్ల్యూ జెడ్4 35ఐ. ఎర్ర రంగు, టాప్ మడుచుకునేది. ఢిల్లీ నంబర్, మూడో ఓనర్, మీటర్ మీద 38,400. హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ డీలర్ దగ్గర ఉంది. 19.5 లక్షలు అడుగుతున్నాడు, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ ఏడాది వారంటీ రాసిస్తానంటున్నాడు.

రెండోది 2017 స్కోడా ఆక్టావియా వీఆర్‌ఎస్ 230. హైదరాబాద్ నంబర్, ఒకే ఓనర్, ఒక డాక్టర్ గారిది, 52,000 తిరిగింది. 15.75 చెప్పారు. కంపెనీ వారంటీ ఎప్పుడో అయిపోయింది, ఆయనేమో "బాబూ, నేను హామీలేవీ ఇవ్వను, నీ మెకానిక్‌ని తెచ్చుకుని చూసుకో" అన్నారు.

నా మనసు జెడ్4 మీద ఉంది, అది దాచను. వారంటీ కూడా దానికే ఉంది కదా, అప్పుడు రిస్క్ తక్కువ అదే కదా అనిపిస్తోంది. తప్పా?

దిండి_రైడర్ | శనివారం రాత్రి 11:05

మే నెలలో మధ్యాహ్నం టాప్ తెరిచి నార్కట్‌పల్లి దాకా వచ్చి చూడు తమ్మీ, వారంటీ నీ నెత్తికి కావాలి. ఇంక నల్గొండ ఊర్లలో స్పీడ్ బ్రేకర్లు ఎట్లా ఉంటాయో నీకు చెప్పాలా? ఒక్కోటి చిన్న గుట్ట.

వనపర్తి_వీ8 | శనివారం రాత్రి 11:21

ఇంకొన్ని లక్షలు కూడే దాకా ఆగి ఫోర్డ్ మస్టాంగ్ చూడరాదు? 5 లీటర్ల వీ8, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. ఆ సౌండ్ ఒకసారి వింటే ఈ రెండూ మర్చిపోతావు.

మిల్లు_మామ | ఆదివారం ఉదయం 6:12

మస్టాంగ్ మన దేశానికి వచ్చింది 2016లో, ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది 2021లో. సర్వీసు ఉంటుందన్నారు, నిజమే, కానీ ఒక హెడ్‌లైట్ పగిలితే ఎన్ని వారాలు కూర్చోవాలో అడిగి తెలుసుకుని అప్పుడు కొనాలి. పైగా పోరడి బడ్జెట్ 20. అతన్ని పాడుచేయకు.

ఇప్పుడు అసలు సంగతి. తమ్మీ, "ఏడాది వారంటీ" అనే మాట విని ఒకప్పుడు నేనూ సంతకం పెట్టాను, అందుకే పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. 2019లో ఒక జర్మన్ కూపే కొన్నాను, కంపెనీ పేరు, డీలర్ పేరు రెండూ చెప్పను, చెప్పి లాభం లేదు. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు పోతున్నా, పంతంగి టోల్ దగ్గర క్యూలో ఆగాను, ముందు లారీ కదిలింది, నా బండి కదలలేదు. స్క్రీన్ మీద గేర్ నంబర్ మిణుక్కుమంటోంది, యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తోంది, చక్రం తిరగట్లేదు. వెనకాల హారన్లు. టోల్ పిల్లలు నలుగురు వచ్చి పక్కకు తోశారు. కొని అప్పటికి నాలుగు నెలలు.

వారంటీ ఉంది కదా అని నిమ్మళంగానే ఉన్నాను. తీసుకెళ్తే చెప్పిందేమిటంటే, పోయింది గేర్‌బాక్స్ కాదంట, గేర్‌బాక్స్‌ని నడిపించే మెకట్రానిక్ యూనిట్ అంట, అది ఎలక్ట్రానిక్ భాగం కిందకు వస్తుందంట, మన కాగితంలో "లోపల నూనెలో తిరిగే భాగాలకు మాత్రమే" అని ఉందంట. చదివితే నిజంగానే ఉంది. ఏడో పేజీలో. దాని కింద ఇంకో లైన్: ఒక క్లెయిమ్‌కు గరిష్ఠంగా 50 వేలు. నాకు బిల్లు 2 లక్షల 10 వేలు. ఆ 50 కూడా రాలేదు.

కాబట్టి నువ్వు అడగాల్సింది వారంటీ ఉందా లేదా అని కాదు. ఆ కాగితం మొత్తం, చివరి పేజీ దాకా, డబ్బు కట్టకముందే చేతికిస్తాడా లేదా అని.

పాలమూరు_టర్బో | ఆదివారం ఉదయం 9:40

మహబూబ్‌నగర్‌లో మల్టీబ్రాండ్ గ్యారేజీలో చేస్తాను. మామ చెప్పింది అక్షరాలా జరుగుతుంది, నెలకోసారి ఎవరో ఒకరు అలాంటి కాగితం పట్టుకుని వస్తారు.

బండ్ల గురించి చెప్తాను. ఆ జెడ్4 35ఐలో ఉండేది ఎన్54 ఇంజిన్, 3 లీటర్లు, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. నడపడానికి బంగారం, అందులో మాటే లేదు. కానీ దాని రోగాలు ప్రపంచమంతా తెలిసినవే. హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు మొదటిది. అమెరికాలో ఆ పంపు మీద గొడవ ఎంత అయిందంటే బీఎండబ్ల్యూ అక్కడ దాని ఒక్కదానికే వారంటీని 10 ఏళ్ళకు, 1,20,000 మైళ్ళకు పెంచాల్సి వచ్చింది. అది అక్కడి బండ్లకు, మనకు కాదు. తర్వాత ఇంజెక్టర్లు, కరెంటుతో నడిచే వాటర్ పంపు, టర్బో ఒత్తిడిని అదుపు చేసే వేస్ట్‌గేట్ గలగల, వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ చెమ్మ. ఇవన్నీ ఒకేసారి రావు, కానీ 13 ఏళ్ళ బండికి ఏదో ఒకటి లైన్లో నిలబడే ఉంటుంది. పైన టాప్ మోటార్లు, హైడ్రాలిక్స్ వేరే కథ.

వీఆర్‌ఎస్‌లో 2 లీటర్ల టీఎస్‌ఐ, అంటే టర్బో పెట్రోల్ ఇంజిన్, శక్తి 230 పీఎస్. గేర్‌బాక్స్ ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చేది, నూనెలో మునిగి ఉండే క్లచ్‌లది. జనం డీఎస్‌జీ అనగానే భయపడేది ఏడు గేర్ల డ్రై క్లచ్ దాని గురించి, ట్రాఫిక్‌లో వేడెక్కి మెకట్రానిక్ పోయేది అది. ఇది వేరు, గట్టి పిండం. కాకపోతే 60,000కి ఆయిలూ ఫిల్టరూ తప్పనిసరి. ఆ ఇంజిన్‌లో చూడాల్సింది వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్, అక్కడ కూలెంట్ కారే అలవాటు ఉంది. టార్చ్ వేసి చూస్తే ఎండిన గులాబీ రంగు మరకలు కనిపిస్తాయి.

ఇంకోటి. ఆ వీఆర్‌ఎస్‌కి రీమ్యాప్, అంటే పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం, చేశారా అని తప్పక చూడు. చాలామంది చేయిస్తారు, అమ్మే ముందు మళ్ళీ పాత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. షోరూమ్‌లో ఒకసారి పట్టుకుంటే కంపెనీ సిస్టమ్‌లో టీడీ1 అని గుర్తు పడుతుంది, ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ మీద కంపెనీ వారంటీ అడగడం వృథా.

దిండి_రైడర్ | ఆదివారం ఉదయం 10:02

అంతా బాగుంది గానీ ఆక్టావియా స్పోర్ట్స్ కారా అన్నా? డిక్కీలో బియ్యం బస్తాలు పడతాయి దాంట్లో.

మిల్లు_మామ | ఆదివారం ఉదయం 10:10

590 లీటర్ల డిక్కీ. బియ్యం బస్తాలు పట్టడం తప్పా?

05_నంబర్‌ప్లేట్ | ఆదివారం మధ్యాహ్నం 12:35

ఇంజిన్ సంగతి పెద్దలు చూసుకుంటారు, నేను కాగితాలు చెప్తాను, పదిహేనేళ్ళుగా ఆర్టీఓ ఆఫీసు ఎదురుగానే నా షాపు.

ఢిల్లీ బండ్లు ఇక్కడ చవగ్గా ఎందుకు దొరుకుతాయో తెలుసా? అక్కడ పెట్రోల్ బండికి 15 ఏళ్ళు, డీజిల్‌కి 10 ఏళ్ళు అని పెట్టారు కాబట్టి వయసు మీద పడేకొద్దీ అక్కడ ధర పడిపోతుంది, దక్షిణాదికి తోలేస్తారు. నీ 2012 బండికి 2027లో 15 నిండుతాయి. ఇక్కడ 15 నిండాక ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళు రెన్యూవల్ చేసుకోవచ్చు, అది ఇబ్బంది కాదు.

ఇబ్బంది ఎక్కడంటే, వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మన నంబర్ తీసుకోవాల్సిందే. దానికి ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ, అభ్యంతరం లేదన్న కాగితం, అంటే ఫారం 28. పాత లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు నుంచి ఫారం 35. ఇంక లైఫ్ టాక్స్ మళ్ళీ ఇక్కడ కట్టాలి. వయసును బట్టి శాతం తగ్గిస్తారు గానీ లెక్క వేసేది నువ్వు కొన్న 19.5 మీద కాదు, ఆ బండి కొత్తలో ఉన్న ధర మీద. ఖరీదైన బండి అది అప్పట్లో. ఆ అంకె ఎంతో బండి నంబర్ పట్టుకుని ఆఫీసులో అడిగి, కాగితం మీద రాయించుకుని, దాన్ని 19.5కి కలిపి అప్పుడు ఇది బడ్జెట్‌లో ఉందో లేదో చూడు. డీలర్ "అదంతా మేం చూసుకుంటాం సార్" అంటాడు. చూసుకోడు.

వీఆర్‌ఎస్‌కి ఈ లొల్లి లేదు. పేరు మార్పుకి ఫారం 29, 30, పొల్యూషన్, ఇన్సూరెన్స్, అంతే. 14 రోజుల్లో అమ్మినాయన ఆర్టీఓకి చెప్పాలి. పాత టీఎస్ నంబర్ అలాగే ఉంటుంది, టీజీ కావాలని ఎవరూ అడగరు.

పానగల్_పోరడు | ఆదివారం సాయంత్రం 5:50

ఒక్క రోజులో ఇంత చెప్పారు, థాంక్స్. మామ మాట పట్టుకుని ఈరోజు డీలర్‌కి ఫోన్ చేసి వారంటీ కాగితం వాట్సాప్ చేయమన్నాను. మొదట "బుకింగ్ అమౌంట్ పడ్డాక ఇస్తాం" అన్నాడు. నేను ఇవ్వకపోతే రాను అన్నాక ఒక ఫోటో పంపాడు, మొదటి పేజీ ఒక్కటే. మళ్ళీ అడిగితే మిగతావి వచ్చాయి, మొత్తం ఆరు పేజీలు. సంగతులు:

పదేళ్ళు దాటిన బండ్లకు ఇంజిన్ బ్లాక్, క్రాంక్, పిస్టన్లు, గేర్‌బాక్స్ లోపలి పళ్ళు మాత్రమే. టర్బో లేదు, ఫ్యూయల్ సిస్టమ్ లేదు, కూలింగ్ సిస్టమ్ లేదు, ఎలక్ట్రికల్ ఏదీ లేదు. 5,000 కిలోమీటర్లకోసారి వాళ్ళు చెప్పిన వర్క్‌షాప్‌లోనే సర్వీస్. మొదటి 30 రోజుల్లో వచ్చిన లోపాన్ని "ముందే ఉన్న లోపం"గా పరిగణించే హక్కు వాళ్ళకుంది. మొత్తం ఏడాదికి పరిమితి లక్ష రూపాయలు.

టర్బో అన్న చెప్పిన జాబితా పక్కన పెట్టుకుని చదివాను. పంపు లేదు, ఇంజెక్టర్లు లేవు, వాటర్ పంపు లేదు, టర్బోలు లేవు. పోయేవన్నీ బయట, పోనివన్నీ లోపల.

నాన్నకు చెప్తే "అయితే వాడు వారంటీ ఇచ్చింది పోని వాటికి" అన్నారు.

జడ్చర్ల_జంక్షన్ | ఆదివారం రాత్రి 8:15

తమ్ముడూ, నేను ఇన్సూరెన్స్‌లో పనిచేస్తాను, ఒక అపోహ ముందే తీసేస్తాను ఎందుకంటే రోజుకు ఇద్దరు అడుగుతారు. బంపర్ టు బంపర్ పాలసీ తీసుకుంటే వారంటీ అక్కర్లేదు కదా అక్కా అని. కాదు. అది యాక్సిడెంట్‌కి, దొంగతనానికి, నీళ్ళలో మునిగితే ఇంజిన్ ప్రొటెక్ట్ ఉంటే దానికి. పంపు తనంతట తాను పోతే ఏ పాలసీ ఇవ్వదు.

బండి చేతులు మారినప్పుడు అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. నీ హ్యాచ్‌బ్యాక్ అమ్మితే నీ బోనస్ నువ్వు కొత్త బండికి తెచ్చుకోవచ్చు. పాలసీ నీ పేరుకి 14 రోజుల్లో మార్పించు. నెలల తర్వాత గుర్తొచ్చి వస్తారు, అప్పటికే ఏదో గుద్దుకుని ఉంటారు, ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి అయిన నష్టం, రాదంటే మా మీద అరుస్తారు.

ఇంకో మాట, మునిగిన బండ్లు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలు, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ, ఆ బండ్లన్నీ కడిగి తుడిచి ఎక్కడో ఒకచోట అమ్ముడవుతూనే ఉన్నాయి. సీట్ బెల్టును చివరి దాకా లాగు, అడుగున బురద గీత ఉంటుంది, పైన ఎంత కడిగినా రీల్ లోపల చుట్టుకున్న భాగాన్ని ఎవరూ కడగరు. సీటు కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా చూడు. స్పేర్ టైర్ ఎత్తి కింద చెయ్యి పెట్టు.

కోర్టు_చౌరస్తా | ఆదివారం రాత్రి 10:30

ఆలస్యంగా చూశాను. న్యాయం వైపు నుంచి రెండు ముక్కలు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ అనలేదు.

డీలర్ దగ్గర కొంటే నువ్వు వినియోగదారుడివి. వాడు దాచిన లోపం బయటపడితే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు పోవచ్చు, కట్టిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా స్థాయే. అన్నిటికన్నా మంచి విషయం, డీలర్ ఎక్కడున్నా నువ్వు ఉండే ఊర్లోనే, అంటే నల్గొండలోనే వేయొచ్చు. రెండేళ్ళ గడువు. ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టినా కొన్ని అక్కడే తేలిపోతాయి.

డాక్టర్ గారి దగ్గర కొంటే ఇదేదీ లేదు. ఆయన వ్యాపారి కాదు. మోసం చేశాడని చెప్పాలంటే సివిల్ కోర్టు, అదెంత కాలమో నన్ను అడగొద్దు, నా బతుకే అది. అందుకని వ్యక్తి దగ్గర కొనేటప్పుడు అమ్మకం కాగితంలో మీటర్ రీడింగ్, యాక్సిడెంట్ జరగలేదన్న మాట, లోన్ లేదన్న మాట రాయించుకుని సంతకం తీసుకో. రాయడానికి ఎవరైనా వెనకాడితే అది కూడా ఒక సమాచారమే.

మిల్లు_మామ | సోమవారం ఉదయం 5:58

వకీలు సాబ్, నా కేసప్పుడు మీరు ఎక్కడున్నారు?

పాలమూరు_టర్బో | సోమవారం ఉదయం 8:20

పోరడా, ఇంకా జెడ్4 మీద మనసు పోకపోతే చివరిగా ఒక పని చెయ్యి. రెండు తాళంచెవులూ అడుగు. ఒకటే ఉందంటే అక్కడే ఆలోచించు. ఆ తరం బీఎండబ్ల్యూ తాళంచెవిలో చిన్న మెమరీ ఉంటుంది, ఆ చెవితో నడిపినప్పటి కిలోమీటర్లు అందులో ఎక్కుతాయి, సర్వీస్ వాళ్ళు రీడర్ మీద పెట్టి చదువుతారు. మీటర్ వెనక్కి తిప్పేవాళ్ళు మీటర్‌ను తిప్పుతారు, తెలివైన వాళ్ళు మిగతా మాడ్యూళ్ళను కూడా తిప్పుతారు, కానీ డ్రాయర్లో పడి ఉన్న రెండో చెవిని మర్చిపోతారు.

టైర్ల తేదీ కూడా చూడు. పక్క గోడ మీద నాలుగు అంకెలు, 2319 అంటే 2019లో 23వ వారం. 38,000 తిరిగిన బండికి మూడో సెట్ టైర్లు ఉన్నాయంటే ఎందుకో అడుగు. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద తోలు, డ్రైవర్ సీటు ఎడమ అంచు కాదు, దిగేటప్పుడు రాసుకునే కుడి అంచు. మీటర్ అబద్ధం చెప్తుంది, సీటు చెప్పదు.

గద్వాల్_గేర్ | సోమవారం ఉదయం 11:47

పోర్షె కేమన్ ఎవరూ చెప్పలేదేంటి? పాతవి 25కి దొరుకుతున్నాయి.

పాలమూరు_టర్బో | సోమవారం మధ్యాహ్నం 1:15

దొరుకుతాయి. కానీ 2008 దాకా వచ్చిన ఇంజిన్లలో ఐఎంఎస్ బేరింగ్ అనే ఒక చిన్న ముక్క పోతే ఇంజిన్ మొత్తం పోతుంది. 2009 నుంచి కొత్త ఇంజిన్, అందులో ఆ బేరింగే లేదు. కాబట్టి ఏడాది తేడాతో రెండు వేర్వేరు బండ్లు అవి. కంపెనీ అప్రూవ్డ్ కింద అమ్మితే 111 అంశాలు చూసి వారంటీ ఇస్తారు, అది నిజంగా పనికొచ్చే వారంటీ, వేరే ఓనర్‌కి కూడా బదిలీ అవుతుంది. అయితే 25 లక్షలకు అలాంటి బండి రాదు. అసలు సిసలు వారంటీ ఖరీదు ఎంతో బండి ధరలోనే కనిపిస్తుంది అన్నమాట.

వనపర్తి_వీ8 | సోమవారం మధ్యాహ్నం 2:03

ఈ20, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దాని సంగతి? పాత బండ్లలో రబ్బరు పైపులు పాడవుతాయంటున్నారు.

పాలమూరు_టర్బో | సోమవారం మధ్యాహ్నం 2:30

పెట్రోల్ మూత తెరిస్తే లోపల స్టిక్కర్ ఉంటుంది, ఎంత ఇథనాల్ దాకా ఒప్పుకుంటుందో, ఎంత ఆక్టేన్ కావాలో దాని మీదే ఉంటుంది. పాతవాటి మీద ఎక్కువగా ఈ10 అని ఉంటుంది. ఈ రెండు ఇంజిన్లకూ 95 ఆక్టేన్ పోయడం మంచిది, కొన్ని హైవే బంకుల్లో దొరుకుతుంది. ఫ్యూయల్ పంపు పోతే "మీరు పోసిన పెట్రోల్ వల్ల" అని చెప్పి వారంటీ ఎగ్గొట్టడానికి ఇదొక కొత్త సాకు అయింది, బిల్లులు దాచుకోండి.

పానగల్_పోరడు | గురువారం రాత్రి 9:25

అప్‌డేట్. నిన్న లీవు పెట్టి రెండూ చూపించాను.

జెడ్4 ముందు. డీలర్ ఒకే తాళంచెవి ఇచ్చాడు. రెండోది ఏది అంటే పోయిందన్నాడు. నేను "అయితే సరే, కొత్త చెవికి అయ్యే ఖర్చు ధరలో తగ్గించండి" అని లెక్క మొదలుపెట్టగానే లోపలి నుంచి ఒక పిల్లాడు తెచ్చిచ్చాడు, ప్లాస్టిక్ కవర్లో, ఢిల్లీ పాత ఓనర్ ట్యాగ్‌తో. రెండూ తీసుకుని నా తోటి ఉద్యోగికి తెలిసిన సర్వీస్ సెంటర్లో రీడర్ మీద పెట్టించాను. మొదటి చెవి 38,402. రెండో చెవి 71,260. అక్కడి అబ్బాయి స్క్రీన్ నా వైపు తిప్పి ఏమీ అనలేదు, నవ్వాడు అంతే.

డీలర్‌కి చూపిస్తే "సార్ అది వేరే బండి చెవి అయుంటుంది" అన్నాడు. ఛాసిస్ నంబర్ కూడా అదే స్క్రీన్ మీద ఉంది, చూపించాను. "మేం కూడా కొన్నదే సార్, మాకేం తెలుసు" అన్నాడు. కొట్లాడలేదు, వచ్చేశాను. దారిలో మాత్రం ఆ ఎర్ర రంగు గుర్తొచ్చి కొంచెం బాధేసింది, అబద్ధం ఎందుకు.

వీఆర్‌ఎస్ మధ్యాహ్నం. డాక్టర్ గారి ఇంట్లో ఒక ఫైలు ఉంది, మందుల చీటీల ఫైలు లాంటిది, అందులో 2017 నుంచి ప్రతి బిల్లూ వరుసగా గుచ్చి ఉంది. 2022లో వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ మార్చిన బిల్లు కూడా. స్కాన్ చేయిస్తే లోపాలు చూపే పాత కోడ్‌లు లేవు, ఈ మధ్య చెరిపేసిన ఆనవాళ్ళు కూడా లేవు, రీమ్యాప్ గుర్తూ లేదు. పెయింట్ మందం చూసే మీటర్ పెడితే ఎడమ వెనక డోర్ మీద ఒక్కచోటే 280 మైక్రాన్లు వచ్చింది, మిగతా అంతా 110 నుంచి 130. ఆయన్నే అడిగితే "ఆటో వాడు గీశాడు, పెయింట్ వేయించాను, బిల్లు ఉంది" అని ఆ ఫైలు తిప్పి తీసిచ్చారు.

లోపాలు: నాలుగు టైర్లూ 2018వి, మార్చాలి. డీఎస్‌జీ ఆయిల్ 60,000 దగ్గరపడుతోంది. ముందు బ్రేక్ డిస్కులు అంచున గట్టు కట్టాయి.

14.6కి ఒప్పుకున్నారు. ఇప్పుడు సందేహం, వారంటీ ఏమీ లేకుండా ఎనిమిదేళ్ళ టర్బో బండి. బయటి కంపెనీలు అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీ ఏదైనా తీసుకోనా?

మిల్లు_మామ | గురువారం రాత్రి 9:50

నీ బడ్జెట్ 20 అన్నావు. 14.6 పోగా ఎంత ఉంది? టైర్లకు, బ్రేకులకు, ఆయిల్‌కి, పేరు మార్పుకి ఓ లక్షన్నర అనుకో. ఆ పైన రెండున్నర లక్షలు పక్కన ఎఫ్‌డీ వేసి దానికి "వీఆర్‌ఎస్" అని పేరు పెట్టు. ఏడో పేజీ లేని వారంటీ అది.

జడ్చర్ల_జంక్షన్ | గురువారం రాత్రి 10:04

మామతో ఏకీభవిస్తాను, కానీ ఒకటి. కంపెనీ సొంత ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్న వయసు బండి అయ్యుంటే అది తీసుకోమనేదాన్ని. ఈ బండికి ఆ గడువు దాటిపోయింది. బయటివాళ్ళవి తీసుకుంటే మళ్ళీ "ఏవి కావు" అన్న జాబితా ముందు చదువు, "ఏవి అవును" అన్నది తర్వాత.

కోర్టు_చౌరస్తా | గురువారం రాత్రి 10:40

ఆ ఫైలు మొత్తం బండితో పాటు ఇస్తున్నట్టు కాగితంలో రాయించు. అన్నిటికన్నా విలువైనది అదే.

పానగల్_పోరడు | తర్వాతి వారం, ఆదివారం ఉదయం 7:30

తీసుకున్నాను. ఫారం 29, 30 నిన్న పెట్టాం, డాక్టర్ గారు స్వయంగా వచ్చి సంతకం చేశారు. మామ చెప్పినట్టు ఎఫ్‌డీ కూడా వేశాను, రెండున్నర కాదు రెండు, టైర్లకు అనుకున్నదానికన్నా ఎక్కువైంది.

నిన్న రాత్రి నార్కట్‌పల్లి దాటాక ఖాళీ రోడ్డు దొరికితే మూడో గేర్లో ఒక్కసారి నొక్కాను. అంతే చెప్తాను, ఇంట్లోవాళ్ళు కూడా ఇది చదవొచ్చు.

దిండి_రైడర్ | ఆదివారం ఉదయం 7:52

అభినందనలు తమ్మీ. డిక్కీలో బస్తాలు ఎన్ని పట్టాయి?

పానగల్_పోరడు | ఆదివారం ఉదయం 8:05

ఇరవై ఐదు కిలోలవి ఐదు. నాన్నే పెట్టించారు, బండి తెచ్చిన పూటే.